చీటీపై చీటీ: నెట్‌వర్కు స్విచ్చిలలో వీలాన్ సొరంగము – మనము తెలిసికొనవలసినది

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి తరగతికి మేము ఎన్నుకొన్న విషయము పేరు వినగానే, ఇది ఇంజనీర్ల పని గదా, బుకింగ్ క్లర్కుకు, సార్టింగ్ అసిస్టెంటుకు, టెలికాం మెయింటెయినరుకు దీనితో ఏమి నిమిత్తము అని కొందరికి తోచవచ్చును. తోచుట సహజమే. కాని టికెట్టు కౌంటరు ముందు వరుస కదలక నిలిచినప్పుడు, పాసుబుక్కు చేతబట్టుకొని సేవింగ్సు బ్యాంకు కౌంటరు వద్ద ఒక ముదుసలి గంటల తరబడి కూర్చున్నప్పుడు, ప్రజలు నిలదీయునది ఇంజనీరును కాదు. కిటికీకి ఇవతల కూర్చున్న మనలను. ఆ సమయమున "లింకు లేదు" అను రెండు మాటలు తప్ప మన వద్ద వేరు సమాధానము ఉండుట లేదు. ఆ లింకు అనగా ఏమి, అది ఎక్కడెక్కడ తెగుటకు అవకాశమున్నది, దాని తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది అను విషయములు తెలిసికొనుట మన హక్కు. మన బాధ్యత కూడ.

అందుచేత నేడు అట్టి లింకులలో ఒక ముఖ్యమైన ఏర్పాటును గూర్చి చెప్పదలచితిమి. సర్వీసు ప్రొవైడర్లు తమ స్విచ్చిలలో చేయు ఈ ఏర్పాటునకు వీలాన్ టనెలింగ్ అని పేరు. క్యూ ఇన్ క్యూ అనియు వ్యవహరింతురు. మేము చెప్పబోవు మాటల సారాంశము ఒక్కటే: ఇందులో రహస్యవిద్య ఏదియు లేదు. ఇది మన తపాలా వారి ట్రాన్సిట్ బ్యాగు పద్ధతియే. పైచీటీ సరిగా కట్టి, సరిగా విప్పి, ఆ సంగతి రిజిష్టరులో వ్రాసి ఉంచినంత కాలము అది చక్కగా నడచును. రిజిష్టరు లేనినాడు దోషము ఎక్కడ జరిగినను నింద మాత్రము కౌంటరు మీదనే పడును.

ఒకే తీగపై అనేక శాఖలు

మొదట వీలాన్ అనగా ఏమో చూతము. ఒక పెద్ద రైల్వే స్టేషనును తీసికొనుడు. అక్కడ టికెట్టు యంత్రములున్నవి, పార్సిలు ఆఫీసు కంప్యూటర్లున్నవి, కెమెరాలున్నవి, రైళ్ల రాకపోకలను చూపు బోర్డులున్నవి, ప్రయాణీకుల వైఫై ఉన్నది. ఒక్కొక్క దానికి వేరు తీగ, వేరు స్విచ్చి పెట్టుట వృథా వ్యయము. అన్నిటినీ విచక్షణ లేక ఒకే గుంపుగా కలిపివేయుటయు ప్రమాదకరము; ప్లాట్‌ఫారముపై ఫోను చూచుకొను ప్రయాణీకుడు టికెట్టు యంత్రమున్న వీథిలోనికి రాకూడదు గదా.

ఈ చిక్కును విప్పుటకు ఐ.ఇ.ఇ.ఇ. అను అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ 1998లో 802.1క్యూ అను ప్రమాణమును ప్రకటించినది. తీగపై ప్రయాణించు సమాచారపు పొట్లమునకు ఫ్రేము అని పేరు. ప్రతి ఫ్రేమునకు నాలుగు బైట్ల చిన్న చీటీని తగిలించుట ఈ ప్రమాణపు సారము. నాలుగు బైట్లనగా ముప్పదిరెండు బిట్లు. అందు మొదటి పదహారు బిట్లు "ఇది వీలాన్ చీటీ సుమా" అని చాటు గుర్తు. తరువాతి మూడు బిట్లు ప్రాధాన్యమును తెలుపును. అనగా ఏది ముందుగా పోవలెనో చెప్పును. రద్దీ మితిమీరినప్పుడు దీనిని వదలివేయవచ్చునా అను సంగతిని మరియొక బిట్టు తెలుపును. మిగిలిన పన్నెండు బిట్లలో శాఖ సంఖ్య వ్రాయబడును. పన్నెండు బిట్లలో 4096 సంఖ్యలు పట్టును. అందు మొదటిది, చివరిది ప్రత్యేకముగా నిలిపి ఉంచబడినవి గనుక వాడుకకు మిగులునవి 4094.

టికెట్టు యంత్రములకు 10, కెమెరాలకు 20, వైఫైకి 30 అని సంఖ్యలిచ్చితి మనుకొనుడు. తీగ ఒక్కటే, స్విచ్చి ఒక్కటే. అయినను పదవ సంఖ్య ఫ్రేము పదవ సంఖ్య వారికే చేరును. ఒకే సార్టింగ్ కేసులో వేరువేరు గూళ్లు ఉన్నట్లు భావించుడు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చినప్పుడు ఆరంకెలతో దేశమంతటి బట్వాడాను ఒక క్రమములోనికి తెచ్చినారు గదా. ఒక సంస్థ లోపలి నెట్‌వర్కునకు ఈ సంఖ్య చేయు ఉపకారమును అట్టిదే.

ఇరువురు ఖాతాదారులు, ఒకే సంఖ్య

ఒక సంస్థ తన ఇంటిలో తన సంఖ్యలు పెట్టుకొన్నంతవరకు చిక్కు లేదు. ఆ సంస్థ ఒక ఊరి కార్యాలయమును మరియొక ఊరి కార్యాలయముతో కలుపగోరినప్పుడు చిక్కు మొదలగును. నడుమ నున్న తీగ దానిది కాదు, ప్రొవైడరుది. ఆ ప్రొవైడరు వద్ద అట్టి ఖాతాదారులు వందల సంఖ్యలో ఉందురు.

ఈ విషయమున రైల్వే ఉద్యోగులమైన మనకు ఒక విశేషమున్నది. రైలుపట్టాల ప్రక్కన వేసిన ఆప్టికల్ ఫైబరును ఆధారము చేసికొని 2000 సెప్టెంబరులో రైల్‌టెల్ అను ప్రభుత్వరంగ సంస్థ ఏర్పడినది. నేడు ఆ ఫైబరు అరువదివేల రూటు కిలోమీటర్లకు మించి విస్తరించి యున్నది. అది రైల్వేల పనికి మాత్రమే గాక ఇతర సంస్థలకును అద్దెకు వసతినిచ్చుచున్నది. కనుక రైల్వే వారము ఒక ప్రక్క ఖాతాదారులము, మరియొక ప్రక్క పరుల సమాచారము మన పట్టాల వెంట పోవుచుండగా చూచు కాపరులము. తపాలా వారో, దేశమందంతట లక్షన్నరకు పైబడిన తపాలా కార్యాలయములను ప్రొవైడర్ల తీగలపై కలుపుకొన్న పెద్ద ఖాతాదారులు. ఉభయులకును ఈ విషయము తెలియవలసినదే.

ఇప్పుడు చిక్కును చూడుడు. ఒక బ్యాంకు తన లెక్కల శాఖకు 10 అని సంఖ్య పెట్టుకొన్నది. ఒక ఆసుపత్రి తన రోగుల రికార్డులకు అదే 10 పెట్టుకొన్నది. ఎవరి ఇంటిలో వారు పెట్టుకొన్న సంఖ్యలివి. ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. రెండును ప్రొవైడరు తీగపైకి వచ్చినప్పుడు ఏ పది ఎవరిది? "మీ సంఖ్య మార్చుకొనుడు" అని ప్రతి ఖాతాదారునికి చెప్పుట సాధ్యము గాదు. పైగా ఉన్నవి 4094 సంఖ్యలే. ఒక్కొక్క ఖాతాదారుడు నూరేసి వాడుకొన్నచో నలువదిమంది చేరునప్పటికే కొట్టు ఖాళీ యగును.

ట్రాన్సిట్ బ్యాగు సూత్రము

ఆర్.ఎం.ఎస్. సోదరులకు దీనికి పరిష్కారము మేము చెప్పనక్కరలేదు. ఒక దిశగా పోవలసిన చిన్న సంచులు అనేకము ఉన్నప్పుడు వానిని విడివిడిగా చేతులు మార్చరు. అన్నిటినీ ఒక పెద్ద ట్రాన్సిట్ బ్యాగులో వేసి, దానికి వేరుగా ఒక చీటీ కట్టుదురు. నడుమ స్టేషన్లలో పైచీటీని మాత్రమే చదువుదురు. లోపలి సంచుల చీటీలపై ఏమున్నదో వారికి అనవసరము. చేరవలసిన చోట పెద్ద సంచి విప్పగా లోపలి సంచులు తమ చీటీలతో చెక్కుచెదరక బయటికి వచ్చును.

క్యూ ఇన్ క్యూ అనగా ఇదియే. ఖాతాదారుని ఫ్రేము తన చీటీతో ప్రొవైడరు గుమ్మము వద్దకు వచ్చును. గుమ్మపు స్విచ్చి ఆ చీటీని చదువదు, మార్చదు. దానిపై తనదియైన మరియొక నాలుగు బైట్ల చీటీని తగిలించును. బ్యాంకునకు 200, ఆసుపత్రికి 300 అని ప్రొవైడరు తన సంఖ్యలు నిర్ణయించును. నడుమ నున్న స్విచ్చిలన్నియు 200, 300 అను పైసంఖ్యలనే చూచి దారి చూపును. ఆవలి గుమ్మము వద్ద పైచీటీ తీసివేయబడును. బ్యాంకు పది బ్యాంకుకు, ఆసుపత్రి పది ఆసుపత్రికి చేరును. ఖాతాదారుని దృష్టిలో నడుమ ప్రొవైడరు ఉన్నట్లే తోచదు. ఈ కొండలో దూరి ఆ ప్రక్కన తేలినట్లుండును. అందుచేతనే దీనికి సొరంగము అని పేరు వచ్చినది.

మొదట కొన్ని కంపెనీలు తమతమ రీతులలో దీనిని అమలుపరచినవి. పిమ్మట ఐ.ఇ.ఇ.ఇ. వారు 802.1ఏడీ అను పేర దీనికి ప్రమాణము ఏర్పరచి 2006లో ప్రచురించినారు. 2011 నాటి 802.1క్యూ ప్రతిలో అది అంతర్భాగమైనది. ఈ ప్రమాణములో లోపలి చీటీకి 8100 అను గుర్తును, పైచీటీకి 88ఏ8 అను వేరు గుర్తును నిర్ణయించినారు. ఇవి పదహారు ఆధారముగా గల లెక్కలోని సంఖ్యలు. పాత స్విచ్చిలు కొన్ని పైచీటీకి కూడ 8100 గుర్తునే వాడును. కొన్ని 9100 వాడును. వేరువేరు కంపెనీల స్విచ్చిలను కలుపునప్పుడు ఇరుప్రక్కల గుర్తు ఒక్కటేనా అని చూచుకొనవలెను. ఒకరు తెలుగులో చీటీ వ్రాసి, ఎదుటివారు అరవము మాత్రమే చదువగలిగినచో సంచి గతి ఏమగునో అదే ఫ్రేము గతియు నగును.

అమర్చు విధానము

ఇక అమరిక. వాడుకలో అధికముగా కనుపించు సిస్కో తరహా స్విచ్చిని దృష్టాంతముగా తీసికొందము. కంపెనీని బట్టి మాటలు మారును గాని పని మారదు. పని ఐదు మెట్లలో నున్నది.

మొదటి మెట్టు: ప్రొవైడరు తన స్విచ్చిలన్నిటను ఆ ఖాతాదారునికి కేటాయించిన వీలానును, మన దృష్టాంతములో 200ను, సృష్టింపవలెను. నడుమ దారిలో ఒక్క స్విచ్చి మరచినను సంచి అక్కడనే ఆగిపోవును.

రెండవ మెట్టు: ఖాతాదారుని తీగ వచ్చి చేరు పోర్టును సొరంగపు పోర్టుగా మార్చవలెను. "స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ 200", "స్విచ్‌పోర్ట్ మోడ్ డాట్ వన్ క్యూ టనెల్" అను రెండు ఆజ్ఞలతో ఈ పని జరుగును. మొదటి ఆజ్ఞ పైచీటీ సంఖ్యను నిర్ణయించును. రెండవది, వచ్చిన చీటీని కదపక దానిపై మరియొకటి వేయుమని చెప్పును. ఖాతాదారుని వైపు స్విచ్చిలో మాత్రము ఈ ప్రత్యేక అమరిక ఏదియు అక్కరలేదు. మామూలు ట్రంకు పోర్టు చాలును.

మూడవ మెట్టు: ప్రొవైడరు స్విచ్చిల నడుమ నున్న తీగలను ట్రంకులుగా నుంచి, వానిపై 200 పోవుటకు అనుమతి ఇయ్యవలెను.

నాల్గవ మెట్టు: ఫ్రేము పెరిగిన మేరకు స్విచ్చిల గరిష్ఠ పరిమాణమును పెంచవలెను.

ఐదవ మెట్టు: ఖాతాదారుని స్విచ్చిలు తమలో తాము మాటలాడుకొను సందేశములను దాటింపవలెనా, ఆపవలెనా అని నిర్ణయించి, దాటింపవలెనన్నచో "ఎల్ టూ ప్రోటోకాల్ టనెల్" అను ఆజ్ఞను ఆ పోర్టునకు ఇయ్యవలెను.

ఇంతయే పని. తెలిసినవానికి ఒక పోర్టునకు కొద్ది నిమిషములు. కాని ఆ కొద్ది నిమిషములలో ఒక మెట్టు తప్పినచో ఒక జిల్లా కౌంటర్లు నిలిచిపోవచ్చును. కనుక ఎక్కడెక్కడ తప్పునో చూతము.

తప్పు జరుగు తావులు

మొదటిది పరిమాణము. చీటీ లేని ఈథర్‌నెట్ ఫ్రేము గరిష్ఠముగా 1518 బైట్లు. ఒక చీటీ చేరగా 1522. రెండవ చీటీ చేరగా 1526. నడుమ నున్న ఒక స్విచ్చి 1522 వరకే అనుమతించునట్లు అమర్చబడి యున్నచో, చిన్న ఫ్రేములు పోవును, నిండు ఫ్రేములు రాలిపోవును. రైల్వే వారికి ఇది తెలిసిన సంగతియే. 1999 నుండి కొంకణ్ రైల్వేలో లారీలను చదునైన వ్యాగన్లపై ఎక్కించి తీసికొనిపోవుచున్నారు. లారీ నంబరు లారీదే, వ్యాగను నంబరు వ్యాగనుదే, చీటీపై చీటీ. కాని రోడ్డుపై నిరాటంకముగా పోవు లారీ, వ్యాగను ఎక్కగానే ఎత్తు పెరుగును. అందుచేత ఎక్కించుటకు ముందు ఎత్తు కొలువక తప్పదు. కొలువనిచో సొరంగము వద్ద గాని తెలియదు.

ఈ తప్పు లక్షణము మోసకరమైనది. లింకు పూర్తిగా తెగదు. లాగిన్ పేజీ వచ్చును, చిన్న పద్దు పడును. పెద్ద నివేదిక అడుగగానే తెర స్తంభించును. అప్పుడు "లింకు ఉన్నది గదా, మీకే వాడుట చేతకాలేదు" అను మాట కౌంటరు ఉద్యోగి వినవలసి వచ్చును. దీనిని పట్టుకొనుటకు ఒక సులభమైన పరీక్ష ఉన్నది. మామూలు పింగ్ చిన్న పొట్లమును పంపును గనుక అది తప్పక సఫలమగును. ముక్కలు చేయరాదను షరతుతో 1472 బైట్ల పింగ్ పంపవలెను. 1472నకు శీర్షికలు 28 బైట్లు చేరి 1500 అగును. ఈథర్‌నెట్ శీర్షిక, చివరి సరిచూపు బైట్లు, రెండు చీటీలు కలసి ప్రొవైడరు దారిలో సరిగా 1526 అగును. చిన్న పింగ్ పోయి ఈ పెద్ద పింగ్ పోనిచో దారిలో ఎక్కడనో ఎత్తు చాలలేదని మొదట అనుమానింపవలెను.

రెండవది నేటివ్ వీలాన్. ట్రంకు తీగపై ఒక సంఖ్యకు చీటీ కట్టకుండ పంపు ఆచారమున్నది. ఆ సంఖ్యను నేటివ్ అందురు. చీటీ లేని సంచి వచ్చినచో "ఇది ఫలానా వారిది" అని ముందే అనుకొని యుండుట వంటిది. ప్రొవైడరు ఖాతాదారునికి కేటాయించిన పైసంఖ్యయు, ట్రంకుపై నేటివ్ సంఖ్యయు ఒక్కటే అయినచో ఘోరము జరుగును. పైచీటీ వేయబడదు. ఖాతాదారుని లోపలి చీటీయే పైకి కనుపించును. ఆవలి స్విచ్చి దానినే ప్రొవైడరు చీటీగా చదివి, ఆ సంఖ్య గల మరియొక ఖాతాదారుని గుమ్మమున దింపును. ఒకరి లెక్కలు మరియొకరి ఇంటికి పోవుట అనగా ఇదియే. దీనికి విరుగుడు రెండు విధములు: ఏ ఖాతాదారునికిని ఈయని సంఖ్యను నేటివ్‌గా ఉంచుట, లేదా "వీలాన్ డాట్ వన్ క్యూ ట్యాగ్ నేటివ్" అను ఆజ్ఞతో నేటివ్ సంఖ్యకును చీటీ తప్పనిసరి చేయుట. రెండును చేయుట మేలు.

మూడవది ప్రాధాన్యము. లోపలి చీటీపై ఖాతాదారుడు "ఇది ముఖ్యము" అని వ్రాసినను, నడుమ స్విచ్చిలు చదువునది పైచీటీనే. లోపలి ప్రాధాన్యమును పైచీటీకి ఎక్కించు ఏర్పాటు చేయనిచో, స్పీడ్‌పోస్టు కవరు మామూలు సంచిలో పడినట్లే. రద్దీ వేళ మాటలు తెగుట, చిత్రము ఆగుట దీని ఫలితములలో కొన్ని.

నాల్గవది చుట్టుదారి. ఒక కార్యాలయమునకు భద్రత కొరకు రెండు లింకులు ఇచ్చినప్పుడు, ఫ్రేములు వలయముగా తిరుగకుండ చూచుటకు స్విచ్చిలు తమలో తాము స్పానింగ్ ట్రీ అను సందేశములను పంపుకొనును. సొరంగము వానిని దాటింపనిచో రెండు ప్రక్కల స్విచ్చిలకును వలయమున్న సంగతి తెలియదు. ఒక ఫ్రేము అంతములేక తిరిగి తిరిగి, వేలై, లక్షలై లింకును ముంచివేయును. అందుచేతనే ఐదవ మెట్టును విధిగా ఆలోచింపవలెనని చెప్పితిమి.

చీటీ తాళము కాదు

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. మన ట్రాన్సిట్ బ్యాగునకు ముద్ర యుండును. ముద్ర చెదరినచో వెంటనే తెలియును; పుచ్చుకొనువాడు అభ్యంతరము వ్రాయును. వీలాన్ చీటీకి అట్టి ముద్ర లేదు. అది దారిని వేరుచేయునే గాని లోపలి వస్తువును దాచదు. నడుమ స్విచ్చిపై అధికారమున్నవాడు తలచినచో చదువగలడు. "మీకు ప్రత్యేక సొరంగము ఇచ్చినాము, మీ సమాచారము భద్రము" అని ఎవరైన చెప్పినచో, ఆ భద్రత ఎంతవరకో అడుగవలెను. ప్రజల పొదుపు లెక్కలు, పింఛనుదారుల వివరములు పోవు దారిలో గూఢలిపి వేరుగా ఉండవలెను. తీగ మీదనే సంకేతించుటకు 802.1ఏఈ అను ప్రమాణమును, దూర మార్గములకు ఐపీసెక్ అను పద్ధతియు ఉన్నవి. గూఢలిపి వాడినచో అది కూడ పరిమాణమును పెంచునని, ఎత్తు మరల కొలువవలెనని మరువరాదు.

మరియొక పరిమితియు ఉన్నది. పైచీటీతో కలిపి లెక్కించినచో 4094ను 4094తో హెచ్చింపగా ఒక కోటి అరువదియేడు లక్షలకు పైబడిన జోడులు వచ్చునని గొప్పగా చెప్పుదురు. నిజమే, కాని ఒక్కొక్క ఖాతాదారునికి ఒక్కొక్క పైసంఖ్య ఇచ్చు పద్ధతిలో ఖాతాదారుల సంఖ్య 4094 దాటదు. పైగా నడుమ స్విచ్చిలు ఖాతాదారుల యంత్రముల చిరునామాలన్నియు గుర్తుంచుకొనవలసి యుండును. ఈ భారమును తగ్గించుటకే 2008లో 802.1ఏహెచ్ అను మరియొక ప్రమాణము వచ్చినది. అందు ఖాతాదారుని ఫ్రేమునంతటినీ వేరొక ప్రొవైడరు ఫ్రేములో ఇముడ్చుదురు. ఏ పద్ధతి ఎక్కడ తగునో నిర్ణయించునప్పుడు పనిచేయువారి అభిప్రాయము కూడ అడుగుట న్యాయము.

మనము చేయవలసినది

సహోద్యోగులారా! పనిముట్టు ఎవరి చేతనైన ఉండవచ్చును. దాని జ్ఞానము మాత్రము పనిచేయువాని వద్ద ఉండవలెను. నేడు అనేక చోట్ల స్విచ్చి అమరికను కాంట్రాక్టరు మనిషి వచ్చి చేసి పోవుచున్నాడు. అతనిపై మాకు ద్వేషము లేదు. అతడును చెమటోడ్చు కార్మికుడే, బహుశః మనకంటె తక్కువ భద్రతతో బ్రతుకువాడు. కాని కాంట్రాక్టు మారును, మనిషి మారును. ఏ పోర్టునకు ఏ సంఖ్య ఇచ్చినారో ఆ జ్ఞానము అతనితో వెడలిపోవును. మిగులునది మనమును, ఆగిపోయిన కౌంటరును.

కావున యాజమాన్యముల ముందు మన కోరికలు ఈ విధముగా నుండవలెనని మేము సూచించుచున్నాము. ప్రతి స్విచ్చికి ఒక అమరిక రిజిష్టరు ఉండవలెను: పోర్టు సంఖ్య, లోపలి వీలాన్లు, పైచీటీ సంఖ్య, నేటివ్ సంఖ్య, అనుమతించిన గరిష్ఠ పరిమాణము, మార్పు చేసిన తేదీ, చేసినవారి సంతకము. దాని ప్రతి బాధ్యతగల శాఖా ఉద్యోగి వద్ద భద్రముగా ఉండవలెను. స్విచ్చి తాళపు మాటలు మాత్రము రిజిష్టరులో వ్రాయరాదు. వానికి వేరు కట్టుదిట్టము అవసరము. మార్పునకు ముందు, తరువాత పెద్ద పింగ్ పరీక్ష జరిపి ఫలితము వ్రాయవలెను. రైలు బండి పోవు దారిలో పనిచేయువాడు బ్లాకు తీసికొని, పని ముగించి, దారి సురక్షితమని వ్రాసి ఇచ్చునే. తీగల దారికి ఆ నియమము ఏల వర్తింపరాదు?

రెండవది శిక్షణ. 1957 నుండి సికింద్రాబాదులో రైల్వే సిగ్నలు, టెలికాం శిక్షణ సంస్థ ఇరిసెట్ ఉన్నది. అట్టి సంస్థలలో పై తరగతుల అధికారులకే గాక పరికరము వద్ద నిలబడు మెయింటెయినరుకు, తపాలా శాఖలో సిస్టం అడ్మినిస్ట్రేటరు పని చూచు సోదరునికి ఈ విషయములపై శిక్షణ దొరకవలెను. అదియు తన భాషలో అర్థమగునట్లు ఉండవలెను. మేము ఈ ప్రసంగమును తెలుగులో చేయుటకు కారణము కూడ అదియే.

మూడవది కౌంటరు వద్ద మన స్వంత క్రమశిక్షణ. లింకు ఆగినప్పుడు మూడు సంగతులు వ్రాసి ఉంచుడు: ఆగిన సమయము, అన్ని పనులు ఆగినవా, లేక పెద్ద పనులు మాత్రమేనా, అదే ఆవరణలో ఇతర శాఖల పని నడచుచున్నదా. పెద్ద పనులే ఆగినచో పరిమాణము మీద అనుమానము. ఒక్క శాఖయే ఆగినచో ఏదో ఒక ట్రంకుపై ఆ సంఖ్యకు అనుమతి పోయినదేమోనని అనుమానము. అన్నియు ఆగినచో తీగయో, విద్యుత్తో, సొరంగపు పోర్టో చూడవలెను. ఈ మూడు ముక్కలు ఫిర్యాదులో ఉన్నచో మరమ్మతు చేయువానికి సగము పని తగ్గును. తరువాత సంజాయిషీ అడిగినచో మన చేతిలో సాక్ష్యము ఉండును. "లింకు లేదు" అను మాటకు బదులు "పదిన్నర నుండి పెద్ద నివేదికలు రాకున్నవి, చిన్న పద్దులు పడుచున్నవి, ఫిర్యాదు సంఖ్య ఇది" అని చెప్పగల ఉద్యోగిని ప్రజలు గౌరవింతురు, అధికారి తేలికగా మాటలాడజాలడు.

ఆర్.ఎం.ఎస్. పెద్దలు ఒక్క చీటీ కూడ తప్పకుండ రాత్రింబవళ్లు సంచులు మార్చినప్పుడు వారి వద్ద ఉన్న యంత్రములు స్వల్పము. రిజిష్టరు, ముద్ర, సంతకము వారి బలము. నేడు సంచి కనుపించని తీగలోనికి పోయినది, చీటీ బిట్లుగా మారినది. ఎవరు పంపినారు, ఎవరు పుచ్చుకొన్నారు, నడుమ ఎవరి చేయి పడినది అని వ్రాసిపెట్టు నియమము మాత్రము మారలేదు, మారనీయరాదు. ఈ విషయమును మీ మీ శాఖల సమావేశములలో చర్చించి, మీ కార్యాలయమందలి స్విచ్చికి రిజిష్టరు ఉన్నదో లేదో విచారించి, లేనిచో లిఖితపూర్వకముగా కోరవలసినదిగా ప్రార్థించుచు, మా ప్రసంగమును ముగించుచున్నాము.